ఊరి కళ్ళజోడు

నేను చేయని తప్పులకు పొద్దున్నుంచి సాయంత్రం దాకా క్షమాపణ చెప్పడం నా ఉద్యోగం. బట్టలుతికే మిషన్లు అమ్మే కంపెనీలో ఫిర్యాదుల ఫోను నాది. మిషను చేసింది ఒకడు, అమ్మింది ఇంకొకడు, సగం బిగించి వదిలేసి పోయింది మరొకడు. తిట్లు తినేది మాత్రం నేను. తిలా పాపం తలా పిడికెడు అంటారు గానీ, మా దగ్గర పాపం అందరిదీ, పిడికెళ్ళన్నీ నావి. దుప్పటి మిషన్లో ఇరుక్కుందని ఫోన్ చేసిన ఒకాయన మొన్న నా పుట్టుక దాకా వెళ్ళాడు. "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం సార్, మీ ఓపికకు ధన్యవాదాలు" అన్నాను. అలా అనాలని కాగితం మీద రాసి నా ఎదురుగా గోడకు అంటించారు. ఇప్పుడు కాగితం అక్కర్లేదు, నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

ఇన్ని మాటలు మాట్లాడేదాన్ని, ఇంటికి వెళితే మాటకు మొహం వాచిపోతాను. మేడ మీద ఒక గది, ఒక వంటగట్టు, వీధివైపు కిటికీ. అమ్మ ఉన్నన్నాళ్ళూ ఆ గది ఇరుకని సణుక్కునేదాన్ని. ఇప్పుడు విశాలంగా ఉంది, ఆ విశాలం ఏం చేసుకోవాలో తెలియదు. అక్క ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తుంది. "ఎలా ఉన్నావే?" అని అడిగి, నేను నోరు తెరిచేలోపే పిల్లల చదువులూ బావ మోకాలి నొప్పీ మొదలుపెడుతుంది. పాపం, అడగడం మాత్రం మానదు. నేనే మధ్యలో దూరి చెప్పాలి, అది నాకు చేతకాదు.

చత్వారం వచ్చి కళ్ళద్దాల కొట్టుకు వెళ్ళడంతో ఒక ఆట నాకు అంటుకుంది. ఆ కొట్టు యజమానిని అందరూ అద్దాల బాబాయ్ అంటారు. అరవై దాటిన మనిషి, కొట్టు మీదే ఒంటరి కాపురం. మాట పొదుపు. "ఇది బాగుందా? ఇదా?" తప్ప ఇంకో మాట రాదు. గోడ మీద అక్షరాల చార్టు చూపించి చిట్టచివరి వరస చదవమన్నాడు. నాకు అక్కడ చీమలు పాకుతున్నట్టు తప్ప ఏమీ కనపడలేదు. కనపడలేదని ఒప్పుకోవడానికి పౌరుషం అడ్డొచ్చి, నోటికొచ్చిన అక్షరాలు గడగడా చదివేశాను. ఆయన చార్టు వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"ఒక్కటి కూడా కలవలేదమ్మా. కానీ లేనివి ఇంత ధీమాగా చెప్పేవాళ్ళు దొరకరు. ఆదివారం ఆటలో మాకు ఒకరు తగ్గారు, వస్తారా?" అన్నాడు.

పేకాటేమో అనుకుని వెళ్ళాను. కాదు. బాబాయ్ ఒక లోకం చెబుతాడు, అందులో మేమందరం వేరే మనుషులం. "మీ ముందు నది ఉంది, ఏం చేస్తారు?" అంటాడు. ఏం చేస్తామో మేము చెప్పాలి. అది అవుతుందో లేదో అనుమానం వచ్చిన చోట పాచిక వేయాలి. పెద్ద అంకె పడితే పని అవుతుంది, చిన్నది పడితే బోర్లా పడతాం. గెలుపూ ఓటమీ లేవు, కథ ముందుకు పోతూ ఉంటుంది, అంతే. కళ్ళు పరీక్షించే వెనక గదిలో, అద్దాలు అరగదీసే మిషను పక్కన, పచ్చగుడ్డ వేసిన బల్ల చుట్టూ కూర్చుంటాం.

నాతో కలిపి ఆడేవాళ్ళం ముగ్గురం. వ్యాన్‌లో పార్సిళ్ళు పంచే అతన్ని తొందర అంటారు, ఎందుకని అడగక్కర్లేదు. కుర్చీలో కూర్చున్నా అతని కాలు మాత్రం నడుస్తూనే ఉంటుంది. ఆటలో దొంగ. రెండో ఆవిడ వకీలమ్మ. కోర్టులో వాదించింది చాలక ఆదివారం పాచికలతో కూడా వాదిస్తుంది. ఆటలో ఆవిడ కత్తి పట్టిన వీరుడు, గుబురు మీసాలతో సహా. నేను మూలికలతో వైద్యం చేసే మనిషిని.

బాబాయ్ సంగతి విచిత్రం. కొట్టులో పొడి మాటల మనిషి ఆ బల్ల ముందు ఊరంతా అవుతాడు. కాపలావాడు, రొట్టెలమ్మే ఆవిడ, గయ్యాళి, చంటిపిల్ల, ఎవరి గొంతు కావాలంటే అది వస్తుంది. కానీ ఏ గొంతైనా తియ్యబోయే ముందు ఒక కళ్ళజోడు పెట్టుకుంటాడు. పరీక్ష చేసేటప్పుడు మన ముక్కు మీద మోపే బరువైన గుండ్రటి ఫ్రేము ఉంటుందే, ఒకదాని వెనక ఒకటి అద్దాలు దోపేది, అదే. దాని పేరు ఊరి కళ్ళజోడు. కొత్త ఊళ్ళోకి అడుగుపెడితే అందులో నల్లద్దం ఒకటి ముందే ఉంటుంది, కొత్త మొహాలను ఎవరు నమ్ముతారని. మేము మంచి పని చేస్తే అది తీసేస్తాడు. వెధవ పని చేస్తే ఇంకొకటి దోపుతాడు. అది పెట్టుకుని మమ్మల్ని ఎలా చూడాలో అలా చూస్తాడు, అలాగే మాట్లాడతాడు.

"ముగ్గురికీ ఒకటే కళ్ళజోడా?" అని మొదటి రోజే అడిగాను.

"ఊరికి మనసులు కనపడవమ్మా, జట్టు కనపడుతుంది" అన్నాడు.

ఆటలో మేము అవతలి గట్టు అనే ఊరికి వస్తూ పోతూ ఉన్నాం. అక్కడికి వెళ్ళాలంటే నది దాటాలి, నది దాటించేది పడవ అవ్వ. నాకు ఆదివారమూ డ్యూటీ. ఫోన్లు దింపి, బస్సు పట్టుకుని కొట్టుకు చేరేసరికి పొద్దు వాలుతుంది. ఆట ఎప్పుడని మొదట్లోనే అడిగితే "సాయంత్రమేనమ్మా" అన్నాడు బాబాయ్. నేను వెళ్ళేసరికి వాళ్ళు కూర్చునే ఉండేవారు. బల్ల మీద టీ గ్లాసులు ఖాళీగా, అడుగున మరక ఎండిపోయి ఉండేవి. నాకంటూ ఒక్క గ్లాసు ఉంచొచ్చు కదా, ఏం మనుషులు వీళ్ళు అనుకునేదాన్ని. తొందర గోడవైపు చూస్తూ చార్టులో అక్షరాలు గొణుక్కుంటూ ఉండేవాడు. నేను దొంగ చదువు చదివిన కథ బాబాయ్ చెప్పేసి ఉంటాడు, నన్ను వెక్కిరిస్తున్నాడని నాకు కోపం.

నేను కూర్చోగానే బాబాయ్ కళ్ళజోడు పెట్టుకునేవాడు. వెంటనే అవ్వ గొంతు లేచేది.

"రావే తల్లీ, రా! ఇంత ఆలస్యమా? నీ కోసం పడవ ఆపాను. రేవులో జనం నన్ను దుమ్మెత్తి పోస్తున్నారు. ఎక్కు, తడవకుండా కూర్చో. ఇవాళ నిన్నెవరు ఏడిపించారు?"

నవ్వితే నవ్వండి. ఆ మాట కోసం నేను వారం రోజులు బతికేదాన్ని. దుప్పటాయన్ని ఆటలో ఒక జమీందారుగా మార్చి అవ్వకు చెబితే, "వాడి దుప్పటి వాడి మెడకే చుట్టుకోను!" అని తెడ్డుతో నీళ్ళను బాదేది. మా పైఅధికారిని పన్నులు వసూలు చేసేవాడిగా చేసి చెబితే, వాడికి పెట్టాల్సిన శాపాలు వరసగా చెప్పేది. కడుపు నిండేది నాకు. తొందర కాలు ఆడిస్తూ "అక్కా, ఇక నది దాటుదామా?" అనేవాడు. దాటుదాంలే, నది ఎక్కడికి పోతుంది అనేదాన్ని.

అవతలి గట్టులో పిల్లలందరికీ జ్వరాలు తగులుకుంటే నేనే తగ్గించాను. బాబాయ్ నల్లద్దం తీసి డబ్బాలో వేశాడు. సత్రంలో మాకు ఊరికే గది ఇచ్చారు, రొట్టెలావిడ పిలిచి రొట్టె పెట్టింది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోటి వల్ల ఒక ఊరు మంచిదైంది, అది లేని ఊరైనా సరే. ఆ రోజు ఇంటికి నడిచి వెళ్ళాను, బస్సెక్కాలనిపించలేదు.

ఇక అసలు రోజు. నేను వచ్చి కుర్చీలో కూర్చున్నానో లేదో అక్క ఫోను. "ఒక్క నిమిషం" అని వీధిలోకి వచ్చాను. అక్క పెద్దవాడికి కాలేజీలో సీటు గురించి మొదలుపెట్టింది. కొట్టు ముందు అటూ ఇటూ తిరుగుతూ ఊ కొట్టాను. ఊ కొట్టడంలో కూడా నాకు అనుభవం ఉంది. అది ముగించి లోపలికి వచ్చేసరికి బాబాయ్ కళ్ళజోడులో నల్లద్దాలు రెండు దోపుతున్నాడు.

"ఏమైంది?"

"మీ దొంగగారు అవ్వ పడవ తాడు కోసేశారు. అవ్వ నిద్రలో ఉంది. పడవ తీసుకుపోతుంటే పాచిక చిన్నది పడింది. రాళ్ళకు కొట్టుకుని ముక్కలైంది" అంది వకీలమ్మ.

తొందర తలెత్తలేదు. "ఆలస్యం అమృతం విషం అంటారు కదక్కా" అని గొణిగాడు.

"నేను లేనిది చూసి చేశావా? నేనసలు గదిలోనే లేను బాబాయ్! నాకేం సంబంధం?"

"కళ్ళజోడు ఒకటేనమ్మా" అన్నాడు బాబాయ్.

"అదేం న్యాయం?"

వకీలమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది. "నువ్వు జ్వరాలు తగ్గించినప్పుడు మాక్కూడా గది ఊరికే ఇచ్చారు. అప్పుడు ఆ మంచి నాదొక్కదానిదే, వీళ్ళకు గది ఇవ్వకండి అన్నావా?"

వాదించి గెలిచేవాళ్ళంటే నాకు మొదటినుంచీ పడదు. పాచికలు బల్ల మీద పడేశాను.

ఆ సాయంత్రమంతా అవతలి గట్టు మా మొహాన తలుపులు వేసింది. వేరే రేవునుంచి ఈదుకుంటూ ఊళ్ళోకి వెళ్ళాం. బావి దగ్గర ఆడవాళ్ళు మాట ఆపేశారు. పిల్లల్ని లోపలికి పిలిచి గడియ పెట్టుకున్నారు. నేను జ్వరం తగ్గించిన పిల్లలే. రొట్టెలావిడ బుట్ట నిండా రొట్టెలు పెట్టుకుని అయిపోయాయంది. వీధి కుక్క మమ్మల్ని చూసి లేచి అవతలికి పోయింది.

"కుక్క కూడానా బాబాయ్?" అన్నాడు తొందర.

"కుక్కకే ముందు తెలిసింది."

వకీలమ్మ సత్రం యజమాని ముందు తన వాక్చాతుర్యమంతా చూపించి పాచిక వేసింది. అన్నిటికంటే పెద్ద అంకె పడింది. చప్పట్లు కొట్టబోయాం. "చాలా బాగా మాట్లాడారు. యజమాని మెచ్చుకున్నాడు. మెచ్చుకుని, చప్పుడు కాకుండా, మర్యాదగా తలుపు వేశాడు" అన్నాడు బాబాయ్.

అవ్వ దగ్గరికి నేనొక్కదాన్నే వెళతానన్నాను. మిగతా ఊరు ఎలా పోయినా అవ్వ అలా కాదనుకున్నాను. రేవు మెట్ల మీద కూర్చుని ఉంది, ఒళ్ళో తెగిన తాడు ముక్క. "అవ్వా, నేను" అన్నాను.

బాబాయ్ ఆ నల్లద్దాల్లోంచి నా వైపు చూశాడు. అటువైపు కళ్ళున్నట్టే తెలియలేదు.

"ఎవరు?" అంది అవ్వ.

అంతే. ఇంకే మాటా లేదు. ఎంత చెప్పినా తాడునే చూస్తూ కూర్చుంది.

ఆ వారం ఎలా గడిచిందో చెబితే అతిగా ఉంటుంది. ఆటలో ముసలమ్మ మాట్లాడలేదని నలభై దాటిన మనిషి బెంగపెట్టుకుందంటే ఎవరైనా ఏమంటారు? అందుకే ఎవరికీ చెప్పలేదు, చెప్పడానికి ఎవరూ లేరు కూడా. ఆఫీసులో ఫోనెత్తి చింతిస్తున్నాం, చింతిస్తున్నాం అన్నాను. ఇంటికొచ్చి దీపం వేసి, ఒక కంచం, ఒక గ్లాసు కడిగి బోర్లించాను. కిటికీలోంచి ఎదురింటి వాళ్ళ టీవీ వెలుగు గోడ మీద పడుతుంటే, అందులో ఎవరో నవ్వుతున్నారని ఊహించుకున్నాను. ఒకసారి గదిలో పైకే "ఎవరు?" అని చూశాను, అవ్వ అన్నట్టే. నా గొంతు నాకే కొత్తగా వినిపించి ఊరుకున్నాను. ఒంటరితనం నాకు కొత్త కాదు. కానీ ఒకరు నాకోసం ఆగుతున్నారని అలవాటైపోయాక మళ్ళీ దానిలోకి వెళ్ళడం కష్టంగా ఉంది.

ఆదివారం వెళ్ళాను. గ్లాసులు ఖాళీ, మరకలు మామూలే. పోయిన పేరు తెచ్చుకోవడానికి బాబాయ్ ఆటలో ఒకే ఒక దారి ఉంది, దానికి పాచిక లేదు. పాచికలన్నీ అద్దాల డబ్బాలో వేసి మూతపెట్టాలి. జట్టులో ఒకరు లేచి నిలబడి, నష్టపోయిన మనిషికి తన నోటితో తానే క్షమాపణ చెప్పాలి. ఆ మనిషికి నచ్చితే నల్లద్దం తీస్తారు, లేకపోతే లేదు. ఆ లోకంలో రాక్షసుణ్ణి కూడా పాచికతో చంపొచ్చు గానీ క్షమాపణకు మాత్రం అదృష్టం పనికిరాదు.

"నువ్వు చెప్పు. మాలో ఈ పని అలవాటున్నది నీకే" అంది వకీలమ్మ. ఎగతాళికి కాదు, నిజంగానే అంది.

నాకూ నిజమేననిపించింది. ఇన్నేళ్ళు చేసిన పని ఒక్కసారైనా నాకోసం అక్కరకు రాదా? లేచి నిలబడ్డాను. బాబాయ్ కళ్ళజోడు పెట్టుకున్నాడు. చీర కొంగు సర్దుకుని మొదలుపెట్టాను.

"నమస్కారం. మీకు కలిగిన అసౌకర్యానికి మా జట్టు తరఫున చింతిస్తున్నాం. మీ పడవ విషయం సంబంధిత వారి దృష్టికి తీసుకెళ్ళాం. ఇలాంటిది మళ్ళీ జరగకుండా చూసుకుంటాం. మీ ఓపికకు ధన్యవాదాలు."

తడబాటు లేకుండా, ఎక్కడ ఊపిరి పీల్చుకోవాలో అక్కడ పీల్చుకుంటూ చెప్పాను. వకీలమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. భుజాలు ఊగుతున్నాయి. తొందర కాలు ఆడించడం ఆపాడు.

అవ్వ తాడు ముక్కను వేళ్ళ మధ్య తిప్పింది. "మాటలు ఉతికి ఆరేసినట్టున్నాయే అమ్మాయ్. మడత కూడా పెట్టావు. ఇందులో నువ్వెక్కడున్నావు?"

నాకు ఒళ్ళు మండింది.

"నేనెక్కడున్నానా? వీధిలో ఉన్నాను! మా అక్కకు ఊ కొడుతూ వీధిలో ఉన్నాను! నీ తాడు కోసింది నేను కాదు. ఆఫీసులోనూ ఇదే గోల, ఇక్కడా ఇదే గోల. ఎవడో ఏదో చేసి పోతాడు, నేను నిలబడాలి. చెప్పను. ఎవరికీ చెప్పను క్షమాపణ. వారం మొత్తంలో నాకోసం ఆగేది ఒకే ఒక్క మనిషి. అదీ నిజంగా లేని మనిషి! ఆ లేని మనిషిని కూడా నాకు ఉంచలేకపోయారు మీరు!"

చెప్పేశాక తెలిసింది ఏం చెప్పానో. బాబాయ్ మెల్లగా కళ్ళజోడు తీశాడు. అవ్వ మాట ముగియకుండా ఆయన అది తీయడం నేనెప్పుడూ చూడలేదు. ముక్కుకు రెండు వైపులా ఎర్రటి గుంటలు పడి ఉన్నాయి. అవ్వా లేదు, ఊరూ లేదు, కళ్ళద్దాలు అమ్ముకునే పెద్దాయన నా వైపు చూస్తున్నాడు. "అమ్మా..." అని, అక్కడితో ఆగిపోయాడు.

మాట్లాడింది తొందర.

"మరి మేమెవరం అక్కా?"

"ఏంటి?"

"ఆట మూడింటికి. నువ్వు రాకముందు నుంచీ మూడింటికే. మేము ఆ టైముకే వస్తాం. అక్క రానీ అంటాడు బాబాయ్. టీ తాగుతాం. ఇంకోసారి తాగుతాం. నీకని తీసి పెట్టింది చల్లారిపోతుంది, దాన్ని నేనే తాగేస్తాను. ఆ చార్టు చూసీ చూసీ చివరి వరస తప్ప మొత్తం నోటికొచ్చేసింది నాకు. అడుగు, కళ్ళు మూసుకుని చెబుతాను."

"నాకు కోర్టులో వాయిదాలు అలవాటేలే. ఇదొకటి అనుకుని కూర్చునేదాన్ని" అంది వకీలమ్మ. ఇప్పుడు నవ్వడం లేదు.

తొందర చేతులు చూసుకుంటూ అన్నాడు. "ఆ రోజు మా పాపకి జ్వరం. చీకటి పడకుండా వెళతానని ఇంట్లో చెప్పొచ్చాను. మూడింటి నుంచి కూర్చున్నాను. నువ్వు రానే వచ్చావు, వచ్చీ రాగానే ఫోను పట్టుకుని పోయావు. నీ మీద కోపమొచ్చింది. నిన్నేమీ అనలేక పడవ తాడు కోసేశాను."

"వాణ్ణి చెప్పొద్దన్నాను" అన్నాడు బాబాయ్. ఆయన సొంత గొంతు చిన్నది. అరువు గొంతుల్లో ఉన్న సత్తువ అందులో లేదు. "తెలిస్తే మీరు మొహమాటపడి మానేస్తారని. నీ కోసం పడవ ఆపానని అవ్వ ఊరికే అనలేదమ్మా. నాకు అలా చెప్పడమే వచ్చు."

నేను కూర్చున్నాను. ఎదురుగా టీ గ్లాసులు, ఎండిన మరకలు. వాటిని ఇన్నాళ్ళూ చూస్తూనే ఉన్నాను, ఒక్కసారి కూడా ఏమిటని అడగలేదు. అవతలి గట్టులో పిల్లలందరి జ్వరాలూ తగ్గించినదాన్ని, బల్లకు అవతల కూర్చున్న మనిషికి ఒక పాప ఉందని కూడా నాకు తెలియదు. వాళ్ళు నాకు ఎవరూ కాదన్నట్టు, వాళ్ళ ఎదుటే, లేని ముసలమ్మ కోసం ఏడ్చాను. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

క్షమాపణ చెప్పాలి. ఈసారి తప్పు నాదే. నోరు తెరిచాను. ఆఫీసు మాటలు వరసకట్టి వచ్చి నాలుక చివర నిలబడ్డాయి. నోరు మూసుకున్నాను. మళ్ళీ తెరిచాను.

"పాపకి తగ్గిందా?" అన్నాను.

తొందర తలెత్తాడు. "తగ్గిందక్కా. మూడోరోజుకి తగ్గింది. ఇప్పుడు ఇల్లు పీకి పందిరేస్తోంది."

"పేరేంటి?"

చెప్పాడు. ఎన్నో ఏడు అని అడిగాను, చెప్పాడు. వకీలమ్మ లేచి వెళ్ళి టీ చెప్పి వచ్చింది, నాలుగు. ఆ రోజు ఇక ఆట సాగలేదు. బాబాయ్ కళ్ళజోడును డబ్బాలో పెట్టబోతూ దాన్ని ఒకసారి తుడిచాడు. నల్లద్దాలు మాత్రం తీయలేదు.

"డ్యూటీ మార్చమని అడుగుతాను" అన్నాను వెళ్ళేముందు.

"మార్చకపోతే మార్చకపోనీలే అక్కా. ఆ చివరి వరస ఇంకా మిగిలే ఉంది నాకు" అన్నాడు తొందర.

మార్చలేదు. ఆదివారం కూర్చునేవాళ్ళు ఎవరూ దొరకరట. మా పైఅధికారి చాలా చింతిస్తున్నానన్నాడు. తరువాతి ఆదివారం బస్సు ఎక్కడికక్కడ ఆగుతూ నడిచింది. ఇన్నాళ్ళూ ఆ బస్సులో కిటికీ పక్కన కూర్చుని తీరిగ్గా వచ్చినదాన్ని, ఆ రోజు కమ్మీ పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాను. ముగ్గురు మనుషులు నాకోసం చార్టు చూస్తూ కూర్చున్నారు. ఆ సంగతి తెలిసి ప్రయాణం చేయడం ఎంత కష్టమో నాకు అప్పటిదాకా తెలియదు. దిగినచోటి నుంచి పరుగులాంటి నడకతో వెళ్ళాను.

బల్ల మీద ఒక గ్లాసు నిండుగా ఉంది, పైన సాసరు బోర్లించి. తీసి తాగాను. చల్లగా చచ్చి ఉంది, పైన మీగడ కట్టింది. చివరి చుక్క దాకా తాగాను.

బాబాయ్ కళ్ళజోడు పెట్టుకున్నాడు. రెండు నల్లద్దాలూ అలాగే ఉన్నాయి. "రేవు మెట్ల మీద అవ్వ కూర్చుని ఉంది. పడవ లేదు. ఏం చేస్తారు?"

"అవ్వ దగ్గరికి వెళతాం" అన్నాను. "ముగ్గురం."

"ఎవరు?" అంది అవ్వ.

"ఆలస్యంగా వచ్చేదాన్ని అవ్వా. నీకు పడవ కట్టిపెట్టడానికి వచ్చాం. చెక్కలు మా వీరుడు కొడతాడు. తాడు మా దొంగ పేనుతాడు."

"తాడు కోసినవాడేనా?"

"వాడే."

అవ్వ ఒళ్ళో తాడు ముక్కను చూసుకుంది. తొందర కాలు కదలలేదు.

"వాళ్ళు కొడతారు, పేనుతారు. మరి నువ్వేం చేస్తావే?"

"నేను ఆగుతాను అవ్వా" అన్నాను. "అయ్యేదాకా."